ఉత్తర్వు ప్రతి అడుగుదాం



శాంతియుతంగా, నిరాయుధంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం మనకిచ్చింది. అయినా ధర్నాకు బయలుదేరితే "144 ఉంది, వెళ్లిపోండి" అన్న ఒక్క మాటతో మనల్ని చెదరగొడుతున్నారు. (2024 జూలై నుంచి అది నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్.) జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాలం మేము, కాగితం లేని ఉత్తర్వును మేమెరుగం. 2020 జనవరిలో అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదీ అదే: ఉత్తర్వును ప్రకటించాలి, కారణాలు రాయాలి, న్యాయమైన అభిప్రాయాన్ని అణచడానికి దానిని వాడరాదు. రహదారిని నిరవధికంగా ఆక్రమించరాదని అదే ఏడాది షాహీన్ బాగ్ తీర్పులో అన్నది. నచ్చకున్నా అదీ మనం చదవాలి.

తల్లులారా, బిడ్డను స్టేషనుకు తీసుకువెళితే గేటు వద్ద ఏడుస్తూ నిలబడకండి. అరెస్టు మెమో అడగండి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. ఇవ్వమంటే, అడిగిన తేదీ, వేళ రాసిపెట్టుకోండి. రేపు వకీలు మొదట అడిగేది అదే.