మంద్రస్థాయి
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాలకు 75 ఏళ్లు నిండిన శుభసందర్భంలో మాట్లాడడానికి డాక్టర్లను, ఇంజనీర్లను, పెద్ద అధికారులను పిలవడం వాడుక. సుగటూరు నుంచి బయలుదేరి అటువంటి పదవులు పొందినవారు ఈ సభలోనే ఉన్నారు. వారిని కాదని నన్ను మాట్లాడమన్నారు. నేను బాస్ గిటార్ వాయించేవాడిని. సుమారు నలభై ఏళ్లు పాటకచేరీలలో, పెళ్లి పందిళ్లలో, గణేశుని ఉత్సవాలలో వెనుక వరుసలో నిలబడ్డాను. కచేరీ ఫోటోలలో నా ముఖం సగమే కనబడుతుంది. మిగిలిన సగం గాయకుని భుజం వెనుక ఉంటుంది.

మా అమ్మ నా కచేరీకి మొదటిసారి వచ్చినప్పుడు, విరామంలో దగ్గరికి పిలిచి, "అందరి వాద్యమూ వినబడింది గాని, నీది ఏదప్పా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. తరువాతి పాటలో ఒక చరణమంతా చేతులు ఆపేశాను. కచేరీ అయిన తరువాత, "ఆ పాటలో నడుమ ఏదో తక్కువైంది" అన్నది. "అదేనమ్మా నాది" అన్నాను. నా వృత్తిని గురించి అంతకంటె తేలికగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. పూర్వం పాశ్చాత్య వాద్యబృందాలలో ఈ పనిని మనిషెత్తు ఉండే డబుల్ బాస్ చేసేది. దాన్ని మోసుకుపోవడమే ఒక శ్రమ. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన, గిటారు వలె మెడకు తగిలించుకొని వాయించే, వీణ వలె మెట్లున్న విద్యుత్ బాస్‌ను బజారులోకి తెచ్చాడు. దానికి నాలుగు తీగలు. అన్నిటికంటె లావైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత లోతైన నాదం చెవికంటె ముందు గుండెకు తగులుతుంది.

అయితే మంద్రస్థాయి విలువ నేను అమెరికా వాద్యం చూసి నేర్చుకొన్నది కాదు. 2007లో చిక్కబళ్లాపుర జిల్లా ఏర్పడేదాకా కైవారం మన కోలారు జిల్లాలోనే ఉండేది. ఆ కైవారం తాతయ్యగారు తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు చెప్పిన మహనీయులు. మా చిన్నతనంలో ఆ తత్త్వాలు పాడుతూ వచ్చేవారి చేతిలో తంబుర ఉండేది. బుర్రకథ చెప్పే కథకుని భుజం మీదా తంబురే. సంగీత కచేరీ తంబురకు నాలుగు తీగలు: పంచమం, రెండు సారణులు, చివర మంద్రం. అది పాట పాడదు, తాళం వేయదు, ఎవరూ దానికి చప్పట్లు కొట్టరు. అది ఆగితే మాత్రం పాడేవాడి కాలికింద నేల కదులుతుంది. నేను తరువాత చేసిందల్లా ఆ తంబుర పనికి కాస్త నడక నేర్పడమే.

నాకు ఆ నడక నేర్పింది బంగారు గనుల ఊరు. శివసముద్రం నుంచి కోలారు గనులకు కరెంటు 1902లో వచ్చింది. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. అంటే కరెంటు విషయంలో రాజధానికంటె గనులే ముందు. అక్కడి ఆంగ్లో ఇండియన్ కుటుంబాలలో వాద్యం లేని ఇల్లు అరుదు. మా పెదనాన్న గనిలో పనిచేసేవారు. 1970ల మొదట్లో ఉద్యోగం వెదుక్కోవడానికి ఆయన ఇంటికి పోయి, ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన దగ్గర శిష్యుడనయ్యాను. ఇంట్లో తెలుగు, బడి దాటితే కన్నడం, గనులలో తమిళం, ఆయన ముందు నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషు. మూడు నెలల పాటు ఆయన నాచేత ఒకే తీగ మీద ఒకే స్వరం మీటించారు. కాలితో తాళం తప్పితే ఏమీ అనకుండా లేచిపోయేవారు.

కుర్రవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న, "ఏ కంపెనీ గిటారు కొనాలి సార్?" అని. నా మొదటి బాస్‌ను ఒక వడ్రంగి పనసచెక్కతో చేసి ఇచ్చాడు. పదేళ్ల తరువాత అప్పు చేసి విదేశీ వాద్యం కొన్నాను. మొదటి కచేరీలో అందరూ దాని మెరుగును మెచ్చుకొన్నారు. ఇంటికి వచ్చి టేపులో విని చూస్తే, వాయించిన తప్పులన్నీ పాతవే, ఇంకాస్త స్పష్టంగా వినబడ్డాయి. అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది.

మంచి వాద్యం వద్దనను. తీగలు మెట్ల మీద మరీ ఎత్తుగా ఉంటే వేళ్లు పుండ్లవుతాయి; మరీ దిగితే గరగర మంటాయి. ఆ ఎత్తు సరిచేయించడానికి పెట్టే కొద్దిపాటి డబ్బు, కొత్త వాద్యానికి పెట్టే వేల రూపాయలకంటె ఎక్కువ ఫలమిస్తుంది. పందిట్లో వాయించేవారు ముందు చూడవలసింది గిటారు కాదు, కరెంటుకు ఎర్త్ ఉన్నదా లేదా అన్నది. చేయి తీగ మీద ఉండగా మైకుకు పెదవి తగిలి, షాకు కొట్టి నేను ఒకసారి వేదిక మీదే పడిపోయాను.

నాదం ఎక్కడ పుడుతుందో కూడా చెబుతాను. మెడకు దగ్గరగా మీటితే నాదం మెత్తగా, గుండ్రంగా వస్తుంది. తీగలు ముడిపడే చివరకు దగ్గరగా మీటితే గట్టిగా, కరుకుగా వస్తుంది. వేలి కొసతో ఒక రకం, వేలి కండతో ఒక రకం. డెట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ పాటలకు 1960లలో బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడట. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదట. ఆయన గిటారు వంటిదే కొనుక్కొన్నవారు వేలమంది. ఆ వేలు ఎవరికీ దొరకలేదు.

మీటడం సగం పనే. మీటిన స్వరాన్ని ఎంతసేపు ఉంచి, ఎప్పుడు ఎడమచేతితో అణచాలన్నది మిగిలిన సగం. స్వరం ఒక్క రవ్వ ఎక్కువసేపు మోగితే పాట బరువెక్కి కుంటుతుంది.

ఇక బాస్ ఎప్పుడూ వెనుకనే అణగి ఉండాలా అంటే, అదీ కాదు. ఇళయరాజా గారి పాటలు వినండి. ఆయన బృందంలో శశిధరన్ గారు వాయించిన బాస్‌లో పాట కింద మరొక పాట నడుస్తూ ఉంటుంది. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలను ఈసారి మాటలు వదలి, అడుగున ఏం జరుగుతున్నదో వింటూ చూడండి. అంత సొగసుగా నడిచినా, గాయకుడు ఊపిరి తీసే చోట తప్ప అది పైకి రాదు.

ఆ సంగతి నేను దెబ్బ తిని నేర్చుకొన్నాను. బెంగుళూరులో ఒక గణేశోత్సవంలో జనం ఈలలు వేస్తున్నారన్న ఉత్సాహంతో పల్లవి కింద నా విద్యంతా చూపించాను. పాడుతున్న అమ్మాయికి శ్రుతి తప్పింది. ఎదుట వేలమంది. ఆమె కళ్లు తుడుచుకొని పాట పూర్తి చేసింది. తరువాత నాతో, "అన్నా, నేను నిలబడడానికి నేల అడిగితే, మీరు ఉయ్యాల వేశారు" అన్నది. ఆ రాత్రి నాకు వచ్చిన చప్పట్లు నేటికీ నాకు సిగ్గు.

1980ల చివరికి కీబోర్డులు వచ్చాయి. ఆ వాద్యకారుని ఎడమచేయి నా పని చేయసాగింది. ఒక మనిషి కూలి మిగిలింది గనుక నన్ను పిలవడం తగ్గింది. ఒక ఏడాది కొడుకు ఫీజు కట్టడానికి ఆ విదేశీ గిటారునే అమ్ముకొన్నాను. నా దగ్గర మిగిలింది పనసచెక్కదే. వాద్యాలు బాగుచేస్తూ, పిల్లలకు నేర్పుతూ గడిపాను. 2001లో గనులు మూతపడ్డాయి. నాతో వాయించినవారు తలా ఒక దేశం పట్టారు. యంత్రం మీద నాకు కోపం లేదు. కాని ఇద్దరు మనుషులు ఒకరినొకరు వింటూ ఒకే అడుగు వేయడంలో ఉండే ఆనందాన్ని, ఒకే మనిషి రెండు చేతులు ఇవ్వలేవు.

ఇప్పుడు నేను వచ్చిన పని. ఈ జూబిలీ గుర్తుగా పాఠశాలకు పెద్ద లౌడుస్పీకర్ల సెట్టు కొనివ్వాలని పూర్వవిద్యార్థులం అనుకొన్నాము. దయచేసి మరొకసారి ఆలోచించమని మనవి. నా కుడిచెవిలో పదిహేనేళ్లుగా రాత్రింబగళ్లు కీచురాయి కూస్తున్నది. అది స్పీకర్ల పక్కన నిలబడినందుకు దక్కిన బహుమానం. 85 డెసిబెళ్ల చప్పుడును రోజుకు 8 గంటలకు మించి వినరాదని నిపుణులు చెబుతారు. మరి 3 డెసిబెళ్లు పెరిగితే ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గర అది పావుగంటే. పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు.

ఆ డబ్బుతో ఒక తంబుర, ఒక హార్మోనియం, ఒక మృదంగం కొందాము. వారానికి రెండు గంటలు వచ్చి నేర్పే సంగీతోపాధ్యాయునికి వేతనమిద్దాము. ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ గాయకులు కానక్కరలేదు. తంబుర పక్కన పది నిమిషాలు కదలకుండా కూర్చుని, తన గొంతు శ్రుతిలో ఉన్నదో లేదో తానే తెలుసుకోగలిగితే చాలు. ఎదుటివాడు చెప్పేది వినడం ఆ పిల్లలకు మరెవరూ నేర్పనక్కరలేదు.

నా వంతుగా ఆ పనసచెక్క బాస్‌ను ఈ రోజు ప్రధానోపాధ్యాయుల వారికి అప్పగిస్తున్నాను. దాని తీగలు కొత్తవి. ఎత్తు సరిచేసి తెచ్చాను. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ప్రతి శనివారం మధ్యాహ్నం వస్తాను. మొదటి మూడు నెలలు ఒకే స్వరం మీటిస్తానని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

నా ఎడమచెవి ఇంకా బాగానే ఉంది. ఎవరైనా వాదించదలచుకొంటే దయచేసి ఆ వైపు కూర్చోండి. సెలవు.