చర్మం చెప్పే మాట



బజారులో వంకాయలు కొనేటప్పుడు ఏం చేస్తారు? వేలితో నొక్కి చూస్తారు. గట్టిగా ఉంటే తాజా కాయ. మెత్తబడితే వాడిన కాయ. అందులో నీరు తగ్గిందన్నమాట. మనిషి చర్మం కూడా ఇలాంటి కబురే చెబుతుంది.

చర్మంలో సన్నని పోగులు అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య నీరు ఉంటుంది. అందుకే లాగి వదిలితే చర్మం వెంటనే సర్దుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గితే మెల్లగా సర్దుకుంటుంది.

పరిశోధనశాలల్లో దీన్ని యంత్రంతో కొలుస్తారు. చిన్న గొట్టాన్ని చర్మానికి ఆనిస్తారు. అది గాలి పీల్చి చర్మాన్ని కాస్త పైకి లేపుతుంది. ఎంత లేచిందో, వదిలాక ఎంత దిగిందో లెక్క చూపుతుంది. తల్లికి ఆ యంత్రం అక్కర్లేదు. రెండు వేళ్లు చాలు.

బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి అనుకోండి. "నీళ్లు పట్టకమ్మా, ఇంకా ఎక్కువవుతాయి" అంటారు కొందరు. అది పొరపాటు. పోయిన నీరు మళ్లీ పట్టాల్సిందే. ఎంత పోయిందో ఇలా చూడాలి.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. బొడ్డుకూ డొక్కకూ మధ్య చోట, బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని నిలువు మడతగా పట్టుకోవాలి. గోళ్లు తగలకూడదు. ఒక్క సెకను ఉంచి వదలాలి.

మడత వెంటనే పోతే మంచిదే. అయినా నీళ్లు, గంజి, తల్లిపాలు మానకూడదు.

కాస్త నిలిచి దిగితే ఒంట్లో నీరు తగ్గినట్టే. ఓ.ఆర్.ఎస్. పట్టాలి. ఆరోగ్య కార్యకర్తకు చూపించాలి.

రెండు సెకన్లు దాటినా దిగకపోతే ప్రమాదం! వెంటనే ఆస్పత్రికి పోవాలి. బిడ్డ తాగగలిగితే దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. గుక్కగుక్కగా పట్టాలి.

ఒక్క మాట. మడత ఒక్కదాన్నే నమ్మకండి. బాగా చిక్కిపోయిన బిడ్డకు నీరు తగ్గకపోయినా మడత మెల్లగా దిగుతుంది. బాగా బొద్దుగా ఉన్న బిడ్డకు నీరు తగ్గినా వెంటనే దిగవచ్చు. కళ్లు గుంటలు పడ్డాయా? బిడ్డ మగతగా ఉందా? తాగలేకపోతోందా? ఇవీ చూడాలి.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపాలో రాసి ఉంటుంది. లీటరు అని ఉంటే లీటరే. తగ్గించకూడదు, పెంచకూడదు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. మీరే చదివి కలపండి.

ఇంటికి పోయి మీ బిడ్డ పొట్ట మీద చర్మం ఒకసారి పట్టి వదలండి. బాగున్నప్పుడు ఎలా దిగుతుందో చూసుకోండి. జబ్బు చేసిన రోజు తేడా ముందు మీకే తెలుస్తుంది.