పేరు కాగితం మీద ఉండాలి

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు పాతికేళ్లుగా అమెరికాలో ఉంటున్నారు. మన బడిలో చదివి అక్కడికి వెళ్లిన ఆడపిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వెళ్లబోయేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగంలో ధైర్యంగా నిలబడటం గురించి చెప్పండి" అన్నారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. మా లెక్కల మాస్టారు ముందు వరుసలోనే కూర్చున్నారు కాబట్టి ఇరవై ఒకటో నిమిషం ఉండదు.

ముందు ఒక మాట సంగతి చూద్దాం. అమెరికాలో 'విమెన్ ఆఫ్ కలర్' అంటారు. నల్లజాతి స్త్రీలు, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, అక్కడి ఆదివాసులు, మనలాంటి ఆసియా వాళ్లు, ఇలా తెల్లవారు కాని స్త్రీలందరినీ కలిపి చెప్పే మాట అది. మన అమ్మాయికి విమానం దిగేదాకా తాను ఆ లెక్కలో ఉన్నానని తెలియదు. మన దగ్గర రంగు అంటే పెళ్లిచూపుల నాటి గొడవ. "పిల్ల చామనచాయే, కానీ కళగా ఉంటుంది" అంటారు. ఆ 'కానీ' ఎంతమంది ఆడపిల్లల చేత తల దించించిందో ఇక్కడున్న అమ్మలకు తెలుసు. అక్కడికి వెళ్లాక 'కానీ' వేషం మారుతుంది. "పని బాగా చేస్తుంది, కానీ పెద్ద బాధ్యతకు ఇంకా టైముంది." "తెలివైనదే, కానీ మీటింగుల్లో మాట్లాడదు."

ఈ మాట నాలుగుసార్లు విన్న పిల్ల, లోపం తనలోనే ఉందనుకుంటుంది. 'నాకు నిజంగా రాదు, ఏదో అదృష్టం కొద్దీ నెట్టుకొస్తున్నాను, ఒకరోజు దొరికిపోతాను' అన్న భయం పట్టుకుంటుంది. ఇంపోస్టర్ సిండ్రోమ్ అని ఈమధ్య అందరి నోటా వినిపిస్తున్నది అదే. దీని మీద మొదటి వ్యాసం 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రాశారు. వాళ్లు పరిశీలించిన వారిలో ఎక్కువమంది తెల్లజాతి మధ్యతరగతి, పై తరగతి స్త్రీలు. 2021లో రుచికా తుల్షియాన్, జోడీ-ఆన్ బ్యూరీ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఇంకో కోణం చూపించారు. ఆడవాళ్లకు ఈ జబ్బు ఉందని చెప్పడం ఆపి, వాళ్లు పనిచేసే చోటును బాగుచేయండి అన్నది వాళ్ల వాదన. నాకది సబబుగా తోచింది. నేను విద్యుత్ ఇంజనీరుని, సబ్‌స్టేషన్లలో రక్షణ రిలేల సెట్టింగులు చూడటం నా పని. రిలే ట్రిప్ అయితే మేం రిలేను తిట్టం. ముందు లైను మీద ఏం జరిగిందో చూస్తాం.

లైను మీద ఏముందో ఒక లెక్క చెబుతాను. మెకిన్సీ, లీన్ ఇన్ సంస్థలు కలిసి ఏటా అక్కడి కంపెనీల వివరాలు సేకరిస్తాయి. 2023 నివేదిక ప్రకారం మొదటి మెట్టు నుంచి మేనేజరు మెట్టుకు 100 మంది మగవాళ్లు ఎక్కితే 87 మంది ఆడవాళ్లు ఎక్కారు. తెల్లవారు కాని స్త్రీలను విడిగా తీస్తే ఆ సంఖ్య 73. పై అంతస్తుల సంగతి తర్వాత, తేడా మొదటి మెట్టు దగ్గరే మొదలవుతోంది. ఇది ఆ పిల్లల్లో ధైర్యం లేక వచ్చిన తేడా అంటే నేను నమ్మను.

ఆ మెట్టు దగ్గర ఏం చేయాలో నేర్పినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. 'హిడెన్ ఫిగర్స్' సినిమా మీలో చాలామంది చూసుంటారు. సినిమా కాబట్టి కొంత కల్పన కలిపారు. నేను నిజంగా జరిగినవే చెబుతాను. వర్జీనియాలో లాంగ్లీ పరిశోధన కేంద్రం ఉంది. అప్పట్లో అక్కడ 'కంప్యూటర్' అంటే యంత్రం కాదు, చేత్తో లెక్కలు కట్టే మనిషి. నల్లజాతి మహిళా కంప్యూటర్లను వేరే విభాగంలో కూర్చోబెట్టేవారు.

1953లో అక్కడ చేరిన క్యాథరిన్ జాన్సన్ తాను కట్టిన లెక్కలను ఇంజనీర్లు చర్చించే సమావేశాలకు తానూ వస్తానన్నారు. ఆడవాళ్లు రారు అన్నారు. రాకూడదని చట్టం ఏమైనా ఉందా అని ఆమె అడిగారు. చట్టం లేదు, అలవాటు ఉంది. అడిగి అడిగి ఆ గదిలోకి వెళ్లారు. 1960లో టెడ్ స్కోపిన్‌స్కీతో కలిసి ఆమె రాసిన నివేదిక వచ్చింది. ఉపగ్రహాన్ని భూమి మీద మనం ఎంచుకున్న చోటికి సరిగ్గా పైకి తేవాలంటే రాకెట్ మండటం ఆగే క్షణంలో అది ఏ దిశలో ఉండాలో తేల్చే లెక్క అది. ఆ విభాగంలో ఒక నివేదిక మీద రచయితగా స్త్రీ పేరు పడటం అదే మొదలు. ఆ తర్వాత 1962లో జాన్ గ్లెన్ భూకక్ష్యలోకి వెళ్లే ముందు, యంత్రం చేసిన లెక్కను ఆమె చేత్తో సరిచూస్తే గానీ ఎక్కనన్నారు. అందరూ గ్లెన్ కథే చెబుతారు. నాకు మాత్రం ఆ నివేదిక అట్ట పెద్ద సంగతి. కాగితం మీద పేరు లేకపోతే నీ పని గాల్లో కలిసిపోతుంది. మా డ్రాయింగుల అడుగున ఒక గళ్ల పెట్టె ఉంటుంది, గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని. ఇరవై ఏళ్ల తర్వాత సబ్‌స్టేషన్‌లో ఏదైనా జరిగితే మొదట చూసేది ఆ పెట్టెనే.

డొరొతీ వాన్ సంగతి వేరు. ఆమె 1949లో ఆ నల్లజాతి మహిళల విభాగానికి అధిపతి అయ్యారు. లెక్కలు కట్టే యంత్రాలు వస్తున్నాయని తెలిశాక, ఇక మా పని పోయినట్టేనని కూర్చోలేదు. ఫోర్ట్రాన్ తాను నేర్చుకుని, తన దగ్గరున్నవాళ్లకూ నేర్పారు. ఏఐ వస్తే మా ఉద్యోగాలు ఉంటాయా అంకుల్ అని నిన్న సాయంత్రం నన్ను అడిగినవాళ్లకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

మేరీ జాక్సన్ ఇంజనీరు కావాలంటే కొన్ని తరగతులకు హాజరు కావాలి. అవి తెల్లపిల్లలకు మాత్రమే కేటాయించిన హైస్కూల్లో జరిగేవి. ఆ బడి గడప తొక్కడానికి ఊరి అధికారుల దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకుని, చదివి, 1958లో నాసాలో తొలి నల్లజాతి మహిళా ఇంజనీరు అయ్యారు. బడి గడప తొక్కడానికి అనుమతి అడగడం ఏమిటో మన దేశంలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 1979లో ఆమె హోదా తగ్గినా సరేనని, ఆడవాళ్ల నియామకాలు, ప్రమోషన్లు చూసే పనికి మారారు. వాషింగ్టన్‌లోని నాసా ప్రధాన కార్యాలయానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది.

ఇక మా ఆఫీసు సంగతి. మా బృందంలో ఖమ్మం వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. ఒక మీటింగులో, పెద్ద ఫాల్ట్ వచ్చినప్పుడు ఫలానా చోట కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ సంతృప్తమై రిలేకు తప్పుడు సమాచారం ఇస్తుందని చెప్పింది. ఎవరూ తలెత్తలేదు. పది నిమిషాలయ్యాక ఒక పెద్దమనిషి అదే మాట గొంతు పెంచి చెప్పాడు. "భలే పట్టావు" అన్నారు అందరూ. అప్పుడు మా సీనియర్ ఇంజనీరు, నల్లజాతి ఆవిడ, నెమ్మదిగా, "ఈ మాట ఇందాక ఆ అమ్మాయి చెప్పింది. మిగతాది కూడా ఆమె నోటే విందాం" అన్నారు. గది సద్దుమణిగింది. పిల్ల ఐదు నిమిషాలు మాట్లాడింది. బయటికొచ్చాక ఆవిడ ఆమెకు చెప్పింది ఒక్కటే: మీటింగు అయిన గంటలోపు, నువ్వు ఏం చెప్పావో, ఎందుకు చెప్పావో నాలుగు వాక్యాలు రాసి, లెక్క జతచేసి అందరికీ మెయిల్ పెట్టు. ఆ అమ్మాయి అప్పటినుంచి అలాగే చేసింది. ఏడాది చివర్లో ప్రమోషన్ చర్చకు వచ్చినప్పుడు ఆమె చేతిలో ఆ మెయిళ్లన్నీ ఉన్నాయి.

ఆవిడ చేసిన పనిని ఒబామా హయాంలో శ్వేతసౌధంలోని మహిళా ఉద్యోగులు ఒక పద్ధతిగా పెట్టుకున్నారు. ఒకరు మంచి మాట చెబితే ఇంకొకరు, చెప్పినామె పేరుతో సహా, దాన్ని మళ్లీ చెప్పేవారు. పైసా ఖర్చు లేని పని. మగవాళ్లం మనమూ చేయొచ్చు.

మనవాళ్లకు బాగా తగిలే ఇంకో సంగతి ఉంది. మా 1984 పదో తరగతి బ్యాచ్‌లో తొమ్మిది మంది ఆడపిల్లలు. వాళ్లలో ఒకామెకు లెక్కల్లో నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. పది కాగానే చదువు మాన్పించి, రెండేళ్లకు పెళ్లి చేశారు. ఆమె ఈ సభలోనే ఉంది, తన కూతురి కథ చెప్పమని తనే అంది. కూతురు బీటెక్ చదివి, ఇక్కడ మూడేళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక 2012లో హెచ్-4 వీసా మీద టెక్సాస్ వెళ్లింది. అప్పట్లో ఆ వీసా మీద వెళ్లిన భార్యకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. 2015 మే 26 నుంచి నియమం మారింది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటి ఉంటే భార్య కూడా పనిచేయొచ్చు. ఈమెకు ఆ కాగితం 2016లో వచ్చింది. నాలుగేళ్లు ఖాళీ. మొదటి ఇంటర్వ్యూలో, ఈ నాలుగేళ్లు ఏం చేశావని అడిగితే, "ఏం లేదండీ, ఇంట్లోనే ఉన్నాను" అంది.

తర్వాత మేం ఆదివారాలు ఫోన్లో కూర్చున్నాం. నిజంగా ఏం చేశావో చెప్పమ్మా అన్నాను. దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో రెండు ప్రోగ్రామింగ్ కోర్సులు పూర్తిచేసింది. గుడిలో అరవై మంది పిల్లలకు తెలుగు తరగతులు, టైంటేబుల్, జమాఖర్చులు తనే చూసింది. ఇది 'ఏం లేదు' అవుతుందా? మూడో ఇంటర్వ్యూకి జవాబు మారింది. "చట్టం నాకు అనుమతి ఇచ్చిన తేదీ ఇది, నేను దరఖాస్తు చేసిన తేదీ ఇది, ఈ మధ్యలో నేర్చుకున్నవి ఇవి" అంది, సంజాయిషీ చెప్పే గొంతు లేకుండా. ఉద్యోగం వచ్చింది. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి ఏం మాట్లాడిందో చెప్పను, ఎక్కువసేపు ఏడ్చింది.

జీతం గురించి క్లుప్తంగా. ఎంత కావాలని అడిగితే "మీ ఇష్టం" అనకండి. మర్యాద పెళ్లివారింట్లో పనికొస్తుంది. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 నుంచి ఓ మోస్తరు కంపెనీ ఏదైనా ఉద్యోగ ప్రకటనలోనే ఎంత నుంచి ఎంత ఇస్తారో రాయాలి. మీరుండే రాష్ట్రంలో లేకపోయినా పక్క రాష్ట్రం ప్రకటన చదవడానికి డబ్బులేం కట్టక్కర్లేదు.

చివరగా మన తెలుగింటి ఆవిడ గురించి చెప్పకపోతే నా వృత్తికే ద్రోహం. అయ్యలసోమయాజుల లలిత గారు 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి. పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. అంతా మగపిల్లలే ఉన్న ఆ కాలేజీలోనే కూతుర్ని చేర్పించారు. 1943లో లలిత గారు ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటికొచ్చారు. పట్టా మీద అచ్చు వేసింది మగవాళ్లకు వాడే 'అతడు' మాటే. అది కొట్టేసి 'ఆమె' అని రాసి ఇచ్చారు. తర్వాత కలకత్తాలో పనిచేస్తూ భాక్రానంగల్ ప్రాజెక్టు కరెంటు లైన్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగితే అక్కడికి వెళ్లారు. రంగును బట్టి గానీ, స్త్రీ అని గానీ ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని నిషేధించిన అమెరికా పౌరహక్కుల చట్టం మీద అదే ఏడాది జూలై 2న సంతకమైంది. అంటే ఆమె ఆ ఊళ్లో అడుగుపెట్టేనాటికి ఆ చట్టం ఇంకా రాలేదు.

తండ్రులకు ఒక మాట. సుబ్బారావు గారు కూతురికి ధైర్యం గురించి ఉపన్యాసం ఇచ్చారో లేదో గానీ, సీటు కోసం కాలేజీ వారిని అడిగారు. మనలో మేనేజర్లు, డైరెక్టర్లు అయినవాళ్లం ఈ హాల్లోనే ముప్పై మంది ఉంటాం. మంచి ప్రాజెక్టు వచ్చినప్పుడు మన నోటికి మొదట ఎవరి పేరు వస్తుందో ఈ ఏడాది ఒక కాగితం మీద రాసుకుని చూద్దాం. గురువులకు నా మనవి: ప్రయోగశాలలో మగపిల్లాడు వైర్లు కలిపి, ఆడపిల్ల రీడింగులు రాసుకునే పద్ధతి నెలకోసారైనా తిరగేయండి.

మన బడిలో చదివి ఉద్యోగాల్లో ఉన్న ఆడపడుచులు పదకొండు మంది, హైదరాబాదు, బెంగళూరు, అమెరికా నుంచి, తలా ఇద్దరికి ఆరు నెలలపాటు ఆదివారాలు ఇంటర్వ్యూ సాధన చేయించడానికి ఒప్పుకున్నారు. ఇరవై రెండు చోట్లున్నాయి. పుస్తకం తొమ్మిదో తరగతి గది ముందు బల్ల మీద పెట్టాం. అమ్మాయిలూ, పేరు మీరే వెళ్లి రాయండి, నాన్నగారి చేత రాయించకండి. భోజనాలయ్యాక నేనూ అక్కడే ఉంటాను.

మాస్టారూ, పంతొమ్మిది నిమిషాలైంది.