గుండె జబ్బు – కొలెస్టరాల్
(పామిడిముక్కల సంఘములో చేసిన ప్రసంగము)



గుండె జబ్బు పట్నవాసులకే వస్తుందనీ, చేలో ఒళ్లు వంచి పనిచేసే మనకు రాదనీ అనుకొంటాము. మన ఇరుగుపొరుగైన ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెలలో 2003–04లో ఏడాదిపాటు మరణాలను, వాటి కారణాలను లెక్కించి చూచారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే!

కొలెస్టరాల్ విషము కాదు. శరీరానికి కావలసినదే, చాలావరకు మన కాలేయమే దానిని తయారు చేస్తుంది. అయితే ఎల్.డి.ఎల్. అనే రకము రక్తములో హెచ్చితే, కాలువలో ఒండ్రు వలె నాళాల గోడలలో పేరుకొంటుంది. కాలువ మెల్లగా పూడుతుంది. గుండె నాళములో ఆ పేరుకొన్నది ఒక్కసారిగా పగిలి, దానిపై రక్తము గడ్డకట్టి, నిమిషాలలో దారి మూసుకొనవచ్చును. బక్కపలుచని వారికీ ఇది తప్పదు. రక్తపరీక్ష చేయిస్తే తప్ప ముందుగా తెలియదు.

"కొలెస్టరాల్ లేని నూనె" అని డబ్బాల మీద అచ్చు వేస్తారు. అసలు ఏ గింజ నూనెలోనూ అది చెప్పుకోదగినంత ఉండదు కదా! పామాయిలు, వనస్పతి, నెయ్యి మితిమీరితే మాత్రం రక్తములో ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. పొగాకు, చుట్ట, బీడీ నాళాల గోడలనే చెరుపుతాయి.

ఛాతీ మధ్య బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు – వీటిని "గ్యాసు" అని సోడా త్రాగి తెల్లవారేదాకా ఓర్చుకొన్నవారిని మనమెరుగుదుము. అలా ఓర్చుకొనవద్దు. అర్ధరాత్రి అయినా వెంటనే 108కి ఫోను చేయండి.