అయిదుగురిలో ఎవరి పాత్ర ఏది?
(సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో పంచాంగం వినిపించవలెను, భాషను గురించి నాలుగు మంచి మాటలు చెప్పవలెను. ఆ రెండు పనులకు మాకంటె పెద్దవారు వేదిక మీద ఉన్నారు. మాకు ఇచ్చిన పావుగంటలో వేరొక సంగతి మనవి చేయదలిచాము. మన ఇళ్ళలో రాత్రి పదిగంటల వేళ తండ్రికి, కొడుకుకు మధ్య వచ్చే జగడానికి కారణమైన ఆటను గురించి. ఆట మంచిదా, చెడ్డదా అన్న చర్చ మాకు అక్కరలేదు. అందులో మన పిల్లలు ఏ పాత్రను ఎన్నుకుంటారు, ఎందుకు ఎన్నుకుంటారు అన్నది మాత్రమే మా విషయము.

ఇట్టి ఆటలు చాలా ఉన్నవి. మేము తీసుకున్నది డోటా రెండు. వార్‌క్రాఫ్ట్ మూడు అనే పాత ఆటకు అభిమానులు తమంతట తాము చేసుకున్న ఒక పటము దీనికి మూలము. తర్వాత అమెరికాలోని వాల్వ్ కంపెనీ దానిని విడి ఆటగా తయారుచేసి 2013లో అందరికీ విడుదల చేసింది. అయిదుగురికి అయిదుగురు ప్రత్యర్థులు. ఇరుపక్షాలకు ఒక్కొక్క కోట, కోట నడుమ ఒక మూలస్థానము. ఎవరిది ముందు కూలితే వారు ఓడినట్లు. రెండు కోటల మధ్య మూడు బాటలు, వాటి మధ్య అడవి, అడ్డంగా ఒక యేరు. బాటల వెంట చిన్న సైనికులు తమంతట తామే నడిచి వస్తూ ఉంటారు. వారిలో ఒకనిని చివరి దెబ్బతో పడగొట్టినవానికి బంగారము దక్కుతుంది. తొంభై తొమ్మిది దెబ్బలు మీరు కొట్టి చివరిది ఇంకొకరు కొడితే బంగారము మీది కాదు. ఆ బంగారంతో ఆయుధాలు కొనుక్కోవలెను. ఒక ఆట అరగంట, ముప్పావుగంట నడుస్తుంది.

ఆట మొదలుకాక ముందే అసలు ఘట్టము జరిగిపోతుంది. 120కి పైగా ఉన్న పాత్రలలో ప్రతివాడు ఒకటి ఎన్నుకోవలెను. అన్ని పాత్రలూ అందరికీ ఉచితమే. డబ్బు పోసి కొనేవి వేషభూషణములు మాత్రమే, వాటివల్ల బలము వీసమెత్తు పెరగదు. (ఈ మాట తల్లిదండ్రులు కొంచెం గట్టిగా వినవలెనని మనవి.) అయితే ఒక ఆటలో ఒక పాత్ర ఒక్కనికే. మన పౌరాణిక నాటకాలలో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వస్తారు గదా, ఇక్కడ ఆ సదుపాయము లేదు. ఒకడు తీసుకున్న పాత్ర ఆ పది మందిలో మరొకనికి దొరకదు.

జట్టులో అయిదు స్థానాలు. ఒకటవవాడు క్యారీ, అనగా చివరకు జట్టును మోసేవాడు. మొదట బలహీనుడు, బంగారము కూడిన కొద్దీ భీముడవుతాడు. రెండవవాడు నడిమి బాటలో ఒంటరిగా పోరాడేవాడు. మూడవవాడు కష్టమైన బాటలో దెబ్బలు కాచుకునేవాడు. నాలుగు, అయిదు స్థానములవారు సహాయకులు. ఈ వరుస సంఖ్య గొప్పతనానికి కాదు, బంగారం మీద హక్కుకు. ఒకటవవానికి ముందు, అయిదవవానికి ఏమైనా మిగిలితే. సంసారంలో పొయ్యి దగ్గర కూర్చున్నవారు చివర తిన్నట్లే.

ఇక పిల్లలు ఏమి ఎన్నుకుంటారయ్యా అంటే, పడ్జ్. ఏళ్ళ తరబడి లోకమంతటా అత్యధికంగా ఎన్నుకునే పాత్రలలో ఇది ముందు వరుసలో ఉన్నది. అందగాడు కాడు. కుట్లు పడిన పెద్ద పొట్ట, చేతిలో కసాయి కత్తి, ఇంకొక చేత గొలుసుకు కట్టిన కొక్కెము. ఆ కొక్కెము దూరానికి విసిరితే అడ్డం వచ్చినవాడు శత్రువైనా, స్నేహితుడైనా గొలుసుతో సహా పడ్జ్ కాళ్ళ దగ్గరకు ఈడ్చుకొని రావలసిందే. తగిలితే సభ చప్పట్లు కొడుతుంది. తగలకపోతే? పదిసార్లలో ఎనిమిదిసార్లు తగలకపోయినా, తగిలిన ఆ రెండింటిని గురించి మరునాడు బడిలో చెప్పుకోవచ్చును. విచిత్రమేమనగా ఇంత మంది కోరే ఈ పాత్ర గెలుపు పాలు చూస్తే చాలా కాలాలలో సగము దగ్గరే ఉంటుంది. జనాదరణ వేరు, జయము వేరు. పడ్జ్‌ను ఎన్నుకొనేవాడు గెలుపును ఎన్నుకోవడము లేదు, ఒక కథను ఎన్నుకుంటున్నాడు.

తతిమ్మా ప్రసిద్ధ పాత్రలదీ ఇదే తీరు. స్నైపర్ దూరంనుండి తుపాకి పేల్చేవాడు, దగ్గరకు వెళ్ళే భయము లేదు. ఫాంటమ్ అసాసిన్ ఒక్క దెబ్బకు కొన్ని రెట్ల దెబ్బ కొట్టే అవకాశము కలది. అది లాటరీ టిక్కెట్టు వంటి ఆశ. ఇన్వోకర్ మూడు గోళాలను కలిపి పది మంత్రాలు వేసే పండితుడు. అతనిని ఎన్నుకొనేవాడు తనకు పది మంత్రాలూ వచ్చునని లోకానికి చాటుకుంటాడు, సగము వచ్చినా సరే.

ఇప్పుడు క్రిస్టల్ మెయిడెన్ సంగతి చూడండి. మంచు దేశపు పిల్ల. నడక మహా మందము, రెండు దెబ్బలకే పడిపోతుంది. ఆమె జట్టులో ఉంటే చాలు, మిగిలిన నలుగురికీ మంత్రశక్తి తొందరగా తిరిగి వస్తూ ఉంటుంది. ఆమె ఏమీ చేయనట్లే కనిపిస్తుంది. నలుగురికీ చేతినిండా మంత్రాలు ఎట్లా వస్తున్నవో ఎవరూ అడగరు. ఇక అయిదవ స్థానంలోని సహాయకుడు వార్డులు పాతవలెను, అనగా చీకటిలో శత్రువు జాడ తెలిపే కాపలా కండ్లు. ఒకప్పుడు ఆ వార్డులకు, సామాను మోసే గాడిదకు సైతం అతడే తన కొద్దిపాటి బంగారము ఖర్చు చేయవలసి వచ్చేది. 2019 చివరలో నియమాలు మార్చి గాడిదను అందరికీ ఉచితంగా ఇచ్చారు.

మనలో పద్మశాలి కుటుంబాల పెద్దలకు ఇది చెప్పనక్కరలేదు. మగ్గం మీద కూర్చున్నవానిని నేతగాడన్నారు. తెల్లవారుజామున లేచి కండెలు చుట్టిన తల్లిని ఏమన్నారు? ఏ పేరూ పెట్టలేదు.

ఇక్కడ షోలాపూరులో మా ఎరుకలోని ఒక ఇంట జరిగినది చెబుతాము. పదిహేనేళ్ళ పిల్లవాడు ఆట ముగించి కూర్చున్నాడు. తెర మీద లెక్కల పట్టీ కనిపించింది. చంపినవి 2, చచ్చినవి 11. తండ్రి చూసి నవ్వాడు.

"ఏందిరా, పదకొండుసార్లు సచ్చినవా?"

"నేను సస్తేనే మావోడు బతికిండు బాపూ. ఆట గెలిచినం."

తండ్రి వినిపించుకోలేదు. పక్కింటివారితో కూడా చెప్పి నవ్వాడు. ఆ పిల్లవాడు సహాయకుని స్థానము మానుకొని స్నైపర్‌ను పట్టుకున్నాడని తర్వాత విన్నాము. లెక్కలు ఇప్పుడు బాగున్నవట. ఆటలు మాత్రము ఓడిపోతున్నాడట. ఆ పట్టీలో మూడవ అంకె ఒకటి ఉంటుంది, తోడ్పాటు అంకె. ఆ రోజు అది 24. దాని మీద తండ్రి చూపు పడలేదు.

పెద్ద పోటీల చరిత్రలోనుండి రెండు ఘట్టాలు చెబితే ఇది ఇంకా తేటపడుతుంది.

మొదటిది 2013 ఆగస్టు, అమెరికాలో సియాటిల్ నగరము. ది ఇంటర్నేషనల్ అనే ప్రపంచపోటీ. యుక్రెయిన్ దేశపు నావీ జట్టు, చైనా దేశపు టాంగ్‌ఫు జట్టు తలపడినవి. నావీలో డెండి అనే ఆటగాడు పడ్జ్‌ను తీసుకున్నాడు. పడ్జ్ చేత అతనికి పేరు, అతని చేత పడ్జ్‌కు పేరు. నాయకుడు పప్పీ తీసుకున్నది చెన్. చెన్ అంటే అడవి జంతువులను లొంగదీసి వెంట నడిపించే పాత్ర. ఒకేసారి నాలుగు శరీరాలను నడపవలసి ఉంటుంది గనుక సామాన్యులు దాని జోలికి పోరు. అత్యంత అరుదుగా ఎన్నుకొనే పాత్రలలో అదొకటి. చెన్‌కు అప్పట్లో ఒక మంత్రము ఉండేది. స్నేహితుని మీద వేస్తే అతడు కొద్ది క్షణాలలో తమ కోటలోని నీటిబుగ్గ దగ్గరకు చేరుకుంటాడు. ఆ బుగ్గ శత్రువును నిమిషంలో దహించివేస్తుంది. చెన్ మంత్రము వేశాడు. పడ్జ్ మాయమయ్యే ముందు క్షణంలో కొక్కెము విసిరాడు. కొక్కెము శత్రువుకు తగిలేసరికి పడ్జ్ తన కోటలో ఉన్నాడు. గొలుసు ఈడ్చవలసినది పడ్జ్ ఉన్నచోటికి గదా! శత్రువు పటము ఈ కొసనుండి ఆ కొసకు ఎగిరి వచ్చి బుగ్గలో పడ్డాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఓడవలసిన ఆట నావీ గెలిచింది. ఆపైన ఫైనలు వరకు వెళ్ళి స్వీడన్ వారి అలయన్స్ చేతిలో 3-2తో ఓడిపోయారు. అటు పిమ్మట కంపెనీవారు ఆ కిటుకు పనిచేయకుండా మార్చివేశారు. నేటికీ జనము చెప్పుకొనేది డెండి కొక్కెము. చెన్ మంత్రము క్షణము అటూ ఇటూ అయితే ఆ కొక్కెము ఒట్టి ఇనుపముక్క.

రెండవది 2019 ఆగస్టు, షాంఘై నగరము. మొత్తం బహుమతి 3 కోట్ల 40 లక్షల డాలర్లు దాటిన పోటీ. ఓజీ అనే జట్టు అంతకుముందు ఏడు వాంకూవరులో గెలిచినది. వరుసగా రెండవసారి ఎవరూ గెలిచి ఎరుగరు. ఈ పోటీలో వారి ఒకటవ స్థానపు ఆటగాడు, ఆస్ట్రేలియావాడైన అనా, కొన్ని ఆటలలో ఐయోను ఎన్నుకున్నాడు. ఐయో అంటే ముఖము లేదు, మాట లేదు, ఒక వెలుగు ముద్ద. స్నేహితునికి దారము కట్టుకొని తన ప్రాణము అతనికి పంచడము దాని పని. అది సహాయకుని పాత్ర అని అందరికీ తెలిసినదే. దానిని తెచ్చి జట్టును మోసే స్థానంలో నిలబెట్టారు. చూసినవారు విస్తుపోయారు. ఫైనలులో టీమ్ లిక్విడ్ మీద 3-1తో గెలిచి, రెండుసార్లు ప్రపంచపోటీ గెలిచిన తొలి జట్టయినారు. అనా సాహసము గొప్పదే. కాని దారానికి రెండవ కొసను పట్టుకున్నవాడు ఒకడుండవలెను గదా. మిగిలిన నలుగురు తమ ఎన్నికలన్నీ ఆ వెలుగు ముద్దకు తగినట్లు సర్దుకున్నారు. తర్వాతి నియమాలలో ఐయో శక్తులను సవరించారు.

ఈ సవరణల సంగతి కొంచెము చెప్పవలెను, ఉగాదినాడు చెప్పడానికి తగినదే. ఏటా కొన్నిసార్లు కంపెనీవారు పాత్రల బలాబలాలు మార్చి ప్రకటిస్తారు. పిల్లలు దానికోసము ఎదురుచూసే తీరు, మనము పంచాంగశ్రవణంలో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చెవి ఒగ్గే తీరు ఒక్కటే. నిన్నటివరకు అవమానము 7 ఉన్న పాత్రకు నేడు రాజపూజ్యము 7. వెంటనే అందరూ దాని మీద పడతారు. పెద్ద పోటీలలో నాయకులు ఎన్నుకొనే ముందు ఎదుటివారికి ఏ పాత్రలు దక్కరాదో వంతులవారీగా నిషేధిస్తారు కూడా. కనుక ఒక్క పాత్రనే నమ్ముకున్నవాని పాట్లు చెప్పనలవి కాదు. పడ్జ్ మాత్రము ఏ పంచాంగానికీ లొంగడు. ఆదాయము తగ్గినా అతని భక్తులు తగ్గరు.

ఒకటవ స్థానానికి ఎగబడేవారు ఎక్కువై, అయిదవ స్థానానికి మనుషులు కరువై, చివరకు కంపెనీవారే ఒక ఏర్పాటు చేశారు. అన్ని స్థానాలకూ సిద్ధపడి ఆడినవానికి కొన్ని టిక్కెట్లు ఇస్తారు. కోరిన స్థానము తొందరగా కావలెనంటే ఆ టిక్కెట్లు ఖర్చు పెట్టవలెను. రైలులో కిటికీ పక్క సీటుకు కూడా ఇట్టి పద్ధతి పెడితే బాగుండునని మాలో కొందరు అనుకున్నాము.

మన దేశము ఈ రంగంలో వెనుకబడి లేదు. 2019 ఏప్రిల్‌లో ముంబయిలోనే డోటా పెద్ద పోటీ జరిగింది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్తు ఈ-క్రీడల పోటీలో మన డోటా జట్టు కాంస్యము తెచ్చింది. ఆ ఏడు డిసెంబరులోనే ఈ-క్రీడలను కేంద్ర క్రీడాశాఖ పరిధిలోనికి తెచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టము పందెపు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-క్రీడలను వాటినుండి వేరుచేసి గుర్తించింది. కనుక "జూదమాడుతున్నావా" అని పిల్లవానిని గద్దించే ముందు ఆడుతున్నది ఏదో కనుక్కోవడము న్యాయము. అట్లని చదువు మాని ఇదే బ్రతుకుతెరువని బయలుదేరమని మేము అనము. దీనితో బ్రతికేవారు వేళ్ళమీద లెక్కింపదగినవారే.

తండ్రులకు మా మనవి ఒకటే. "ఎన్ని గంటలు ఆడినవ్?" అన్న ప్రశ్న రోజూ ఉన్నదే. ఒకరోజు "ఏ పాత్ర తీసుకున్నవ్, ఎందుకు?" అని అడిగి చూడండి. వాడు పడ్జ్ అంటే ఎన్ని కొక్కెములు తగిలినవో చెబుతాడు. క్రిస్టల్ మెయిడెన్ అంటే మిగిలిన నలుగురి సంగతి చెబుతాడు. రెండూ వినదగినవే.

ఈ రాత్రి భోజనముల తర్వాత గ్రంథాలయపు గదిలో పిల్లలు అయిదుగురి జట్టుగా ఒక ఆట ఆడి చూపుతారు. పెద్దలు పక్కన కుర్చీ వేసుకొని కూర్చోవచ్చును, సందేహాలు అడగవచ్చును. పేర్లు ఇవ్వమని మధ్యాహ్నము గుమ్మము దగ్గర కాగితము పెట్టాము. ఇప్పటివరకు ఒకటవ స్థానానికి ఏడు పేర్లు, నడిమి స్థానానికి నాలుగు, మూడు, నాలుగు స్థానాలకు ఒక్కొక్కటి వచ్చినవి. అయిదవ గడి ఖాళీగా ఉన్నది. ఎవరైనా వ్రాయదలచుకుంటే పెన్సిలు అక్కడే దారముతో కట్టి ఉన్నది.