ఊరు మునిగినవారు, మన ఊరికి వచ్చినవారు

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రపంచంలోని శరణార్థుల సమస్య మీద నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గం మాకు పని అప్పజెప్పింది. విషయం చాలా పెద్దది. మాకిచ్చిన సమయం ఇరవై నిమిషాలు. పైగా వెనకవైపు డేగిశాల మూతలు తీస్తున్న వాసన అప్పుడే ఇక్కడికి వస్తున్నది. కనుక ప్రపంచమంతా తిరగకుండా, కొంచెం బయటికి పోయి త్వరగా మన జిల్లాకే వచ్చేస్తాము.

శరణార్థి అనే మాట ఈమధ్య పత్రికల్లో వాడుతున్నారు. మన పెద్దల కాలంలో కాందిశీకుడు అనేవారు. సంస్కృతంలో ‘ఏ దిక్కుకు పోదును?’ అనే ప్రశ్న నుంచి పుట్టిన మాట అది. ఇల్లు వదిలినవాడికి ముందుగా కావలసింది కూడూ గుడ్డా అని మనం అనుకుంటాము. ఈ మాటను పుట్టించినవారు అంతకన్నా ముందున్న కష్టాన్ని పట్టుకున్నారు. యాడికి పోవాల? అదీ ప్రశ్న.

తెలుగునాట ఈ మాట ఇంటింటా వినబడింది 1942లో, బర్మా కాందిశీకుల వల్ల. అప్పటికి బర్మాలో లక్షకు మించి తెలుగువారు ఉండేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కి పోయి రంగూను రేవులో మూటలు మోసినవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. ఓడ టిక్కెట్టు దొరికినవారు ఓడెక్కారు. తక్కినవారు నడిచారు. అరకాను కొండల మీదుగా కొందరు, తామూ దాటి మణిపురం వైపు కొందరు, హుకాంగ్ లోయ దారిన అస్సాముకు కొందరు. అలా కాలినడకన బయలుదేరిన భారతీయులు నాలుగైదు లక్షల మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవారు పదుల వేల మంది. తామూ దారిలో తెల్లవారికి ఒక బాట, మనవారికి మరొక బాట ఏర్పరచారట. చావు దగ్గర కూడా క్లాసులే!

తిరిగి పోయి బ్రతికినవారిని 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి మళ్లీ వెళ్లగొట్టింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు అప్పటి మనుషుల గుర్తే. అదే దేశం నుంచి 2017 ఆగస్టు తరువాత కొద్ది నెలల్లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశుకు పారిపోయారు. 1982లో చేసిన పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను పుట్టిన దేశంలోనే ఎవరికీ చెందనివారిని చేసి పెట్టింది. ఇండ్లు కాలడం 2017లో జరిగింది, కాని కాగితం ముప్పై అయిదేండ్ల ముందే కాలిపోయింది. ఈ కాగితం సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాము.

ఇప్పుడు లెక్కలు రెండు మూడు చెప్పి దాటేస్తాము. 2024 చివరికి యుద్ధాలు, హింస, వేధింపుల వల్ల ఇల్లు వదిలినవారు ప్రపంచంలో 12 కోట్ల 32 లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెప్పింది. అందులో 7 కోట్ల 35 లక్షల మంది సొంత దేశం దాటనే లేదు. దాటినవారిలో కూడా మూడింట రెండు వంతుల మంది పక్క దేశంలోనే ఆగిపోయారు. అందరూ అమెరికాకో జర్మనీకో పోతున్నారని టీవీలో చూసి మనం అనుకుంటాము గాని, బీదవాడికి ఆశ్రయమిచ్చేది ఎక్కువగా పక్కింటి బీదవాడే. సముద్రం దాటబోయినవారి గతి ఏమిటంటే, 2014 నుంచి ఒక్క మధ్యధరా సముద్రంలోనే మునిగిపోయినవారు, జాడ తెలియనివారు 30 వేలకు పైగా. 2015 సెప్టెంబరులో టర్కీ ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా పసివాడి ఫోటో చూసి మన నంద్యాలలో కూడా కంటతడి పెట్టనివారు లేరు.

1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సరిహద్దు దాటినవాడే శరణార్థి. మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, కాని 1971లో తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కోటి మందికి అన్నం పెట్టింది. అది మనమందరమూ గర్వపడవలసిన సంగతి. అయితే సరిహద్దు దాటనివాడికి ఆ ఒప్పందంలో చోటు లేదు. ఆనకట్టల కోసం లేపినవారైతే ఇందాక చెప్పిన 12 కోట్ల లెక్కలో కూడా లేరు. వారిని నిర్వాసితులు అంటారు, ముంపు బాధితులు అంటారు. పేరు మారింది గాని ‘యాడికి పోవాల?’ అనే ప్రశ్న మారలేదు.

ఇక మన ఇంటికి వచ్చాము.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జూలైలో ప్రధాని నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. నీరు నిలబెట్టే రోజు వచ్చేసరికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు, లక్షకు పైబడిన జనం లేవవలసి వచ్చింది. మన వైపున నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాల కృష్ణ ఒడ్డు ఊళ్లు, మంచి నల్లరేగడి నేలలు. నష్టపరిహారం సరిపోలేదని, చూపిన చోట నీడ లేదని కొన్ని ఊళ్లు కదలలేదు. 1981 జూన్‌లో వానలు దిగకముందే ఊళ్లు ఖాళీ చేయించాలని బుల్డోజర్లు, పోలీసులు వచ్చారు. దానికి సర్కారువారు పెట్టుకున్న పేరు కూల్చివేత ఆపరేషన్. దవాఖానాలో చేసేదాన్ని కూడా ఆపరేషన్ అనే అంటారు. అక్కడ మత్తయినా ఇస్తారు.

అదే కాలంలో మునిగిపోతున్న పాత గుళ్లను పురావస్తు శాఖవారు ఎత్తి ఒడ్డుకు చేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి, రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు దగ్గర జగన్నాథగట్టుకు. రాయి రాయికీ గుర్తు పెట్టుకొని, విప్పి, మళ్లీ ఏ రాయి చోట ఆ రాయిని నిలబెట్టారు. చాలా మంచి పని చేశారు. మా బాధ ఒక్కటే. ఊరిని కూడా అట్లాగే విప్పి అట్లాగే కట్టి ఉంటే! ఎవరి పక్కన ఎవరి ఇల్లు, ఎవరికి ఎవరు బాకీ, ఏ చెట్టు కింద ఏ మనిషి కూర్చుంటాడు, ఇవన్నీ చెదిరిపోయాయి. కొందరు ఆత్మకూరు, నందికొట్కూరు పక్కన, కొందరు కర్నూలు శివార్లలో, కొందరు మన నంద్యాల వైపున తేలారు.

ఆ ఊళ్లలోని ముస్లిములు ఎవరు? భూములున్నవారు తక్కువ. దూది ఏకినవారు, పరుపులు కుట్టినవారు, గాజుల మలారం మోసినవారు, బండ్లు తోలినవారు, మాంసం కొట్టినవారు, కూలికి పోయినవారు. అప్పటి భూసేకరణ చట్టం 1894 నాటిది, తెల్లవారు చేసినది. అది భూమికి ఖరీదు కట్టింది, గోడకు, కప్పుకు ఇంత అని కట్టింది. మాకు ఒక దూదేకుల పెద్దాయన చెప్పిన మాట ఇది: “భూమున్నోనికి డబ్బిచ్చిరి, మిద్దెలున్నోల్లకు ఇంతో అంతో ఇచ్చిరి. నాకుండింది ఊరు సామీ. ఏకుకు పోతే ఒగరు సద్దలిస్తురు, ఒగరు జొన్నలిస్తురు. ఆ ఊరికి ఎవురిస్తారు డబ్బు?”

ఈ ప్రశ్నకు జవాబు రావడానికి పార్లమెంటుకు 2013 దాకా పట్టింది. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం, సేకరణకు ముందు మూడేండ్లుగా అక్కడ కూలి మీదో కౌలు మీదో చేతిపని మీదో బ్రతికిన కుటుంబాన్ని కూడా నష్టపోయిన కుటుంబంగానే లెక్కిస్తున్నది. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు లేవవలసి వస్తున్న ఈ రోజుల్లో ఆ చట్టం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర లేదు. మన పెద్దాయనకు మాత్రం అది ముప్పై ఏండ్లు ఆలస్యం.

1986లో జీవో 98 అని ఒకటి వచ్చింది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అన్నారు. దరఖాస్తు పెట్టినవారికి పెండ్లిండ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలూ దరఖాస్తులు పట్టుకొని తిరిగారు. ఉద్యోగం వచ్చినవారు ఉన్నారు, కాదనము. రానివారు చెప్పే కథ మాత్రం ఒక్కటే: కాగితం లేదన్నారు. ఏ ఊరివాడవని రుజువు అడిగితే ఊరినే చూపించాలి గదా, అది నీళ్ల కింద ఉంది. చూశారా, రోహింగ్యావాడి కష్టానికీ మన నందికొట్కూరువాడి కష్టానికీ ముడి ఎక్కడ పడిందో! వీడికి ఓటుంది, దేశముంది, నిజమే. అయినా ఆఫీసు కిటికీ దగ్గర ఇద్దరూ ఒకే వరుసలో నిలబడ్డారు.

ఊరు పోయినవాడికి అసలు ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే. సొంత ఊళ్లో ఉన్నప్పుడు పూచీకి పదిమంది ఉంటారు. కొత్త ఊళ్లో బాడుగ ఇల్లు పూచీ లేనిదే రాదు. అప్పు కావాలంటే వడ్డీ రెట్టింపు. పని ఇప్పిస్తానని దళారి వస్తాడు, ముందు కొంచెం డబ్బిస్తాడు, కుటుంబం మొత్తాన్ని ఇటుక బట్టీకి తోలుకుపోతాడు. ఆడపిల్లకు కట్నం లేకుండా సంబంధం తెచ్చానంటాడు, పిల్లవాడిది ఏ ఊరో ఏమి పనో అడిగేవాడు ఉండడు. సొంత ఊళ్లో అయితే సంబంధం మాట వినగానే నలుగురు మేనమామలు బస్సెక్కి పోయి విచారించి వచ్చేవారు. సిరియావారి గుడారాల్లోనైనా కాక్స్ బజారులోనైనా జరిగేది ఇదే. కష్టంలో పెద్దాచిన్నా తేడా ఉన్నది గాని జాతి ఒక్కటే. ఆళ్లగడ్డ పక్క పల్లెల్లో ఫాక్షన్ల కాలంలో రాత్రికి రాత్రి ఊరు ఇడిసిన కుటుంబాలను ఎరిగినవారు ఈ సభలోనే ఉన్నారు. వారికి మేము వివరించవలసిన పని లేదు.

ఇప్పుడు మనకు గుచ్చుకునే మాట ఒకటి చెప్పాలి. శ్రీశైలంలో నిలిచిన ఆ నీరే పోతిరెడ్డిపాడు తూముల్లోంచి బనకచర్లకు వచ్చి చీలుతుంది. ఒక పాయ వెలుగోడు చెరువు నింపి, తెలుగుగంగ కాలువై ఆళ్లగడ్డ పక్కగా చెన్నపట్నం దారి పడుతుంది. ఒక పాయ కుడికాలువ పేరుతో గోరుకల్లు వైపు పోతుంది. ఇంకొంత గాలేరు మీదుగా మన కుందూలో పడుతుంది. మన వరిమళ్లు, మన మిల్లులు, మన ఇండ్లలోని సోనా బియ్యం చాలవరకు ఆ నీటి చలవే. అంటే ఆ ఊళ్లు మునిగితే మనం పండాము. మనమెవరమూ బుల్డోజరు తోలలేదు, సరే. కాని ఆ మనిషి వచ్చి మన వీధిలో ఇల్లు అడిగితే అతడు బిచ్చగాడు కాడు, మనకు అప్పిచ్చినవాడు.

మరి ఆ అప్పు మనమెట్లా తీర్చాము? 2009 అక్టోబరులో కర్నూలు మునిగితే మన ఊళ్ల నుంచి అన్నం పొట్లాలు, దుప్పట్లు లారీలెక్కించి పంపాము. మూడు రోజుల కష్టానికి మన చేయి పెద్దదే. ముప్పై ఏండ్ల కష్టం దగ్గరికి వచ్చేసరికి ముడుచుకుపోతుంది. ఒకచోట, పేరు చెప్పము, ముంపు ఊరి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చనిపోతే ఖబరస్తాన్ పెద్దలు “మీది ఏ జమాత్?” అని మధ్యాహ్నం దాకా జనాజాను నిలబెట్టారు. ఆమె జమాత్ మసీదుతో సహా కృష్ణలో ఉంది. ఏమని చెబుతారు? చివరికి ఎవరో పెద్దమనిషి గట్టిగా కసిరితే స్థలమిచ్చారు. ఏటా ఎండాకాలంలో నీరు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు, ఆ పక్కలకు పోయి, బురదలో అంచనాగా నిలబడి, తమ వాళ్ల సమాధులు ఇక్కడే ఉండాలని ఫాతిహా చదివి వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అటువంటివారిని జమాత్ ఏదని అడగడానికి మనకు నోరెట్లా వచ్చింది?

మన సంవత్సరం లెక్క మొదలయ్యేదే ఒక వలసతో. మక్కా నుంచి వచ్చినవారిని మదీనావారు ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఇంటికి సోదరుడిగా పంచుకున్నారని పిల్లలకు మదరసాలో చెబుతాము. అంతకుముందే ముస్లిములకు నీడనిచ్చిన హబషా రాజు క్రైస్తవుడు, ఆయన ఎవరి జమాత్ అనీ అడగలేదు. పిల్లలకు చెప్పే పాఠం పెద్దల ఖబరస్తాన్ కమిటీ దాకా ఎందుకు చేరలేదో పెద్దలే ఆలోచించాలి.

ఇక పని మాట. మన సొసైటీ ఈ సంవత్సరం ఒక రిజిస్టరు తెరుస్తున్నది. నంద్యాల, ఆళ్లగడ్డల్లో స్థిరపడిన ముంపు కుటుంబాలు ఏ మతమైనా సరే వచ్చి తమ పాత ఊరి పేరు, ఇంటి పెద్ద పేరు వ్రాయించుకోవచ్చు. పాత ఓటర్ల జాబితా నకలు, ఆ ఊరి బడి టీసీ, భూమి తీసుకున్నప్పటి అవార్డు నోటీసు, చిరిగిన రేషను కార్డు, ఏది మిగిలినా తీసుకురండి. చదవడం రాకపోతే మన కుర్రవాళ్లు చదివి చెబుతారు, దరఖాస్తు వ్రాసి పెడతారు. ఒకే ఊరివారు ఇద్దరు ముగ్గురు దొరికితే ఒకరికొకరు సాక్ష్యం పలకవచ్చు. ఈ రెండు ఊళ్ల ఖబరస్తాన్ కమిటీలకు కూడా మేము ఉత్తరం వ్రాశాము, ముంపు ఊళ్లవారి విషయంలో జమాత్ ప్రశ్న అడగవద్దని. ఒక కమిటీ ఒప్పుకొని సంతకం పెట్టింది. రెండవది ఆలోచించి చెబుతామన్నది. ఆ కమిటీ పెద్దలు ముందు వరుసలోనే ఉన్నారు. భోజనాల దగ్గర మేము వారి పక్కనే కూర్చుంటాము.