ఏనుగుల్లో పుట్టిల్లు ఎవరిది?



మన ఇళ్లల్లో పెళ్లయిన ఆడపిల్ల అత్తారింటికి పోతుంది. మగపిల్లవాడు పుట్టిన ఇంట్లో ఉంటాడు. ఏనుగుల్లో ఇది తలకిందులు. ఆడ గున్న పెద్దదయినా తల్లి మందలోనే ఉంటుంది. మగ గున్న ఈడొచ్చాక మంద విడిచి పోతుంది.

ఈ సంగతి మనకెందుకు? చిత్తూరు జిల్లా కుప్పం, పలమనేరు వైపు రైతులను అడగండి. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు అటు వచ్చాయి. 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కానీ ఏనుగుకు అడవి హద్దు తెలియదు. చెరకు, వరి, అరటి మీద పడుతుంది. ఆ గొడవలో మనుషులూ చనిపోయారు, ఏనుగులూ చనిపోయాయి. ఏనుగు నడత తెలిస్తే కొన్ని ప్రాణాలయినా దక్కుతాయి.

ముందు మంద సంగతి చూద్దాం. మందకు పెద్ద దిక్కు సాధారణంగా వయసు మళ్లిన ఆడ ఏనుగు. దాని వెంట చెల్లెళ్లు, కూతుళ్లు, వాటి పిల్లలు ఉంటాయి. అంటే గున్నకు అమ్మ, అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్ని అందరూ ఉన్నట్టే. మేనమామ మాత్రం కనిపించడు. ఆయన ఏనాడో వెళ్లిపోయాడు!

ఇది ఊహ కాదు. బెంగుళూరు శాస్త్రవేత్తలు విద్య, సుకుమార్ నీలగిరి అడవుల్లో ఏనుగుల లద్దె సేకరించి పరీక్షించారు. ఒక మందలోని ఆడ ఏనుగులు దగ్గరి చుట్టాలని తేలింది. ఆ సంగతి 2005లో ప్రకటించారు.

ఏనుగు దాదాపు 20 నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. మళ్లీ కాన్పుకు ఏళ్లు పడుతుంది. అందుకే గున్న ప్రాణం ఎంతో విలువయింది. ఆపద వస్తే తల్లి ఒక్కటే కాదు, పెద్దమ్మలూ పిన్నులూ గున్న చుట్టూ గోడ కట్టినట్టు నిలబడతాయి.

అక్క బిడ్డ కోసం పిన్నికి ఇంత తాపత్రయం ఎందుకు? 1964లో విలియం హామిల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఇలాంటి వాటికి ఒక లెక్క చెప్పాడు. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది సగం పాలు. రూపాయిలో అర్ధరూపాయి అనుకోండి. ఒకే తల్లీ తండ్రీ అయిన అక్కచెల్లెళ్లయితే, అక్క బిడ్డలో పిన్నితో కలిసే పాలు పావలా. పిన్నికి సాయం చేసే గుణం ఉందనుకోండి. అది కాపాడిన బిడ్డలోనూ ఆ గుణం ఉండే వీలుంది. బిడ్డ బతికితే ఆ గుణం కూడా బతుకుతుంది. సాయానికయ్యే నష్టం తక్కువయి, చుట్టానికి కలిగే మేలు ఎక్కువయితే, తరాలు గడిచేకొద్దీ ఆ గుణం జాతిలో పెరుగుతుంది. పిన్ని లెక్క కట్టి సాయం చేయదు. ఆ నడత పుట్టుకతో, పెంపకంతో వస్తుంది.

అయితే సాయం చేయాలంటే చుట్టాలు పక్కన ఉండాలి. ఆడ ఏనుగులు పుట్టింట్లో ఉండబట్టే ఇది సాగింది.

మరి మగ గున్న ఎందుకు పోతుంది? ఉండిపోతే దగ్గరి చుట్టాలతోనే జత కట్టాల్సి వస్తుంది. అలా పుట్టే పిల్లలు బలహీనం కావచ్చు. అందుకే 10, 15 ఏళ్ల వయసులో మెల్లగా దూరం జరుగుతుంది. ఇక దానికి కాపాడాల్సిన గున్నలు లేవు. బలం పెరగాలి, సాటి మగ ఏనుగులతో పోటీ పడాలి. పంటలో మంచి తిండి దొరుకుతుంది. అందుకే ప్రమాదానికి తెగిస్తుంది. దక్షిణాది అడవుల్లో చూస్తే, పంట మీద ఎక్కువ సార్లు పడేది మగ ఏనుగులే. కొన్ని చోట్ల కుర్ర మగ ఏనుగులు చుట్టరికం లేకపోయినా జట్టు కడుతున్నాయి.

కాబట్టి ఒంటరి మగ ఏనుగు తెగువ వేరు, గున్నలున్న మంద కోపం వేరు. గున్న కనిపిస్తే దగ్గరికి పోవద్దు, రాళ్లు రువ్వవద్దు. ఒక్క గున్న జోలికి పోతే మందంతా మీదికి వస్తుంది. చీకట్లో ఒంటరిగా చేనికి పోవద్దు. అటవీ శాఖ వారికి వెంటనే కబురు పెట్టండి.

కంచెకు కరెంటు మాత్రం పెట్టవద్దు. అది నేరం. ఆ తీగ ఏనుగునే కాదు, పక్క చేను రైతునూ చంపుతుంది. ముసలి ఏనుగు పడిపోతే నీటి జాడ, దారి తెలిసిన పెద్ద దిక్కు పోతుంది. గున్నలు అల్లాడతాయి.

పంట పోతే పరిహారానికి అర్జీ పెట్టండి. ఎవరి చేతో రాయించే పని లేదు. అక్షరం వచ్చింది కదా, మీరే రాయండి.